కాలినడక: మూల్యమా, కైంకర్యమా?

తిరుపతి పట్టణం ఉత్తరపు కొస దాటగానే శేషాచల అరణ్యం ప్రారంభమవుతుంది. ఇంత జనసమ్మర్దం గల నగరానికి ఇంత చేరువలో ఇంత దట్టమైన అడవి ఉండటమే అరుదు. ఆ అడవి నడుమ నుండి ప్రతిదినం వేలాదిమంది పాదరక్షలు లేకుండా, గోవిందనామం పలుకుతూ కొండపైకి నడిచి వెళ్ళటం అంతకన్న అరుదు. అలిపిరి వద్ద మొదలయ్యే సోపానమార్గంలో 3,550 మెట్లు ఉన్నాయి. దూరం తొమ్మిది కిలోమీటర్లకు అటూ ఇటూ. శ్రీనివాస మంగాపురం వైపు నుండి ఎక్కే శ్రీవారిమెట్టు దారి ఇంతకంటె చిన్నది, నిటారైనది. అందులో మెట్లు సుమారు 2,400. ఇవి గాక, గంటలోపలే కొండమీదికి చేర్చే చక్కని రోడ్డు కలదు, బస్సులు కలవు. రోడ్డు ఉండగా నడక ఎందుకు అన్న ప్రశ్న పైకి చాల సామాన్యంగా కనిపిస్తుంది. కొంచెం కదిలించి చూస్తే దాని అడుగున మరొక ప్రశ్న ఉన్నది. నడిచి వచ్చినవానికి స్వామి సన్నిధిలో అధికంగా ఏదైనా హక్కు ఏర్పడుతున్నదా?

ఈ ప్రశ్న పూర్వులకు లేదు. 1944వ సంవత్సరంలో మొదటి ఘాట్ రోడ్డు ఏర్పడేవరకు కొండ ఎక్కదలచినవాడు నడవవలసినదే, లేదా డోలీలో నలుగురి భుజాలమీద పోవలసినదే. రాజైనా, బిచ్చగాడైనా, అడవి దారి ఒక్కటే. అప్పుడు నడక ఒక మొక్కుబడి కాదు, వ్రతం కాదు. అది దారి మాత్రమే. ఇంటినుండి కోనేటికి నడిచి వెళ్ళినవాడు ఆ నడకను పుణ్యపు పద్దులో వ్రాసుకోడు కదా! ఆనాటి యాత్రికుడు కూడ తన శ్రమను స్వామి ఎదుట లెక్క చెప్పి ఉండడు. 1974లో రెండవ రోడ్డు కూడ వచ్చి, పైకి పోయే బండ్లకు ఒకటి, దిగివచ్చే బండ్లకు ఒకటిగా దారులు విడిపోయిన తరువాత, నడక అవసరం అన్నది పూర్తిగా పోయినది. అవసరం పోయినచోట ఇష్టం వచ్చి కూర్చున్నది. ఇష్టపడి చేసిన కష్టానికి ఒక తేజస్సు ఉన్నది, సందేహం లేదు. కాని ఆ తేజస్సు వెనుకనే ఒక నీడ కూడ నడుస్తున్నది. "నేను నడిచి వచ్చాను" అనే నీడ అది.

అలిపిరిలో ఎక్కేముందు పాదాలమండపంలో జరిగేది గమనింపదగినది. భక్తులు అక్కడ స్వామివారి పాదుకలను శిరస్సున ధరించి ప్రదక్షిణం చేస్తారు. తన చెప్పులు విడిచి, స్వామి పాదుకలు తలకెత్తుకొని, ఆ తరువాతనే మొదటి మెట్టు తొక్కటం ఆచారం. నడక అంతటికీ అర్థం ఈ ఒక్క క్రియలోనే ఇమిడి ఉన్నదని చెప్పవచ్చును. అయితే గాలిగోపురం చేరేసరికి దానిని గుర్తుంచుకొనేవారు తక్కువ. ఆ మొదటి భాగమే అతి నిటారైనది. గుండె దడదడలాడుతుంది, మోకాళ్ళు వణుకుతాయి. కొందరు స్త్రీలు ప్రతి మెట్టుకూ పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, వంగిన నడుము ఎత్తకుండానే తరువాతి మెట్టుకు పోతుంటారు. వారి ప్రక్కనుండి పట్టణపు యువకులు రెండేసి మెట్లు ఒక్క అంగలో దాటుతూ, మణికట్టు గడియారం చూసుకొంటూ పరుగున పోతారు. నిన్నటికంటె నేడు నాలుగు నిమిషాలు ముందుగా చేరామన్నది వారి సంతోషం. వారిని తప్పు పట్టనక్కరలేదు. ఆరోగ్యం కూడ భగవద్దత్తమే, దానిని కాపాడుకొనటం కూడ ధర్మమే. పైగా, నిమిషాలు లెక్కపెట్టేవాడు తాను లెక్కపెడుతున్నట్లు ఎరుగును. మెట్లను పుణ్యంగా లెక్కపెట్టేవానికి ఆ ఎరుక కూడ ఉండదు.

గాలిగోపురం దాటిన తరువాత దారి చదునవుతుంది, నీడ పెరుగుతుంది. కొంతదూరం పోయిన పిమ్మట మెట్లదారి పాత ఘాట్ రోడ్డును కలుసుకొని దాని అంచునే సాగుతుంది. ఆ రోడ్డు దిగివచ్చే బండ్లది. అనగా అక్కడ నడిచేవారికి ఎదురుపడేవారందరూ దర్శనం ముగించుకొని, ప్రసాదాలు ఒడిలో పెట్టుకొని, బోడితలలతో ఇండ్లకు మరలుతున్నవారు. బస్సు కిటికీలోనుండి ఒకరు "గోవిందా!" అంటారు, నడిచేవారు తిరిగి "గోవిందా!" అంటారు. ఆ ఒక్క క్షణంలో ఉభయుల మనస్సులలో ఏమి మెదలునో వారికే తెలియాలి. కిటికీలోని మనిషి, మేము నడవలేకపోతిమే అని నొచ్చుకోవచ్చును. నడిచే మనిషి, వీరు సుఖంగా కూర్చుండి పోయి వచ్చినారు అని అనుకోవచ్చును. మొదటి తలపులో వినయం ఉన్నది. రెండవదానిలో కొండ ఎక్కుతున్నవాడు నిజానికి దిగుతున్నాడు.

నడిచి వచ్చేవారి సౌకర్యం కొరకు దివ్యదర్శనం పేరున టోకెన్లు ఇచ్చే ఏర్పాటు వేర్వేరు కాలాలలో వేర్వేరు విధాలుగా జరిగింది. అలసివచ్చినవారిని ఎక్కువసేపు నిలబెట్టకూడదన్న దయ అందులో ఉన్నది, జనప్రవాహాన్ని క్రమపరచే ఉపాయమూ ఉన్నది. రెండూ మంచివే. కాని మానవుని మనస్సు చిత్రమైనది. దయను కూలిగా మార్చుకొనటంలో అది మిక్కిలి నేర్పరి. ఏ కారణం చేతనో టోకెను దొరకనినాడు యాత్రికుని నోట వచ్చే మాట ఏది? "నడిచినదంతా వృథా అయింది" అన్న మాట. ఆ మాట అలసటలో వచ్చినదే, దానిని పట్టుకొని ఎవరినీ నిందించరాదు. అయినా ఆ మాటను ఒక్కసారి ఇంటికి తీసుకుపోయి, చల్లబడిన మనస్సుతో పరిశీలించటం మంచిది. ఏది వృథా అయింది? గోవిందనామం వృథా అయిందా? తెల్లవారుజామున అడవిలో పలికిన పక్షుల కూత వృథా అయిందా? అవి ఏవీ కాకుండా పోలేదు. పోయినది ఒక బేరం మాత్రమే, ఆ బేరానికి స్వామి ఎన్నడూ ఒప్పుకొని ఉండలేదు.

శ్రీవైష్ణవ సిద్ధాంతంలో ఈ విషయం సూక్ష్మంగా విచారింపబడింది. భగవంతుని పొందటానికి భగవంతుడే ఉపాయం; జీవుని ప్రయత్నం ఆయనకు వెల కాజాలదు. తల్లిని తానే కరచుకొని ఉండే కోతిపిల్ల వలె జీవుడు కొంత పట్టు చూపవలెనని ఒక సంప్రదాయం వారు, తల్లి నోట కరచుకొని తీసికొనిపోయే పిల్లికూన వలె ఊరక ఉండవలెనని మరొక సంప్రదాయం వారు వివరించారు. ఈ భేదం తరతరాలుగా వాదానికి గురి అయినదే. కాని ఇక్కడ కావలసిన అంశంలో ఉభయులకూ భేదం లేదు. కోతిపిల్ల పట్టు కూడ తల్లికి చెల్లించే కిరాయి కాదు. చెట్టుమీదినుండి చెట్టుమీదికి దుమికేది తల్లియే, పిల్ల కాదు.

అట్లయితే నడక ఎందుకు? దీనికి సమాధానం తిరుమల నంబి చరిత్రలో దొరుకుతుంది. రామానుజాచార్యుల వారికి ఆయన మేనమామ. ప్రతిదినం పాపవినాశనానికి నడిచిపోయి, అభిషేకతీర్థం కుండతో తలకెత్తుకొని తెచ్చేవాడు. ఆనాటి అడవి ఎటువంటిదో ఊహించుకోవచ్చును. మెట్లూ లేవు, దీపాలూ లేవు. ఆయన నడక ఫలం కొరకు కాదు. స్వామి స్నానానికి నీళ్ళు కావాలి, అంతే. ఇంట్లో తల్లి బావికి పోయినట్లు పోయేవాడు. వయస్సు మీరిన తరువాత ఒకనాడు బోయ రూపంలో స్వామి ఎదురై, "తాతా, దాహం" అని అడిగి, ఆయన ఇవ్వనన్నందుకు వెనుకనుండి బాణంతో కుండకు చిల్లి పెట్టి త్రాగినాడనీ, తరువాత ఇంకొక బాణంతో సన్నిధికి సమీపంలోనే ఆకాశగంగను రప్పించినాడనీ పెద్దలు చెబుతారు. ఈ కథను ఎందరో విన్నారు, కాని ఇందులోని ఒక సంగతి తరచు మరుగున పడుతుంది. భక్తుని నడకను తగ్గించినవాడు స్వామియే. నడక కష్టంగా ఉంటేనే తనకు ప్రీతి అని ఆయన అనుకొని ఉంటే పాపవినాశనాన్ని మరింత దూరం జరిపి ఉండేవాడు.

ఈ సంగతి తెలిసినవారికి, నడవలేనివారి గోడు వేరుగా వినబడుతుంది. మనుమడికి జబ్బు చేసినప్పుడు ఒక ఇంటిలో అవ్వ, వాడు లేచి తిరిగితే కాలినడకన కొండకు వస్తానని మొక్కుకొంటుంది. వాడు లేచి తిరుగుతాడు, బడికి కూడ పోతాడు. ఈలోగా అవ్వ గుండె బలహీనమవుతుంది. వైద్యుడు నాలుగు మెట్లు కూడ ఎక్కవద్దంటాడు. మొక్కు మిగిలిపోయింది. ఇటువంటి ఇండ్లు ఎన్ని లేవు! అవ్వ రాత్రులు నిద్రపోదు. మనుమడికి చిన్న జ్వరం వచ్చినా, మొక్కు తీరలేదు కనుకనే వచ్చిందని లోలోపల వణికిపోతుంది. కొడుకు కసురుకొంటాడు. కోడలు, నేను నీ బదులు నడుస్తానంటుంది. ఒక పెద్దమనిషి వచ్చి, మొక్కు మొక్కే, బదులు చెల్లదు అని తీర్పు చెప్పి పోతాడు. చివరికి అవ్వ ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా అలిపిరికి బయలుదేరే ప్రమాదం ఉన్నది.

గుండెజబ్బు, రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారు కాలినడకకు పూనుకోవద్దని దేవస్థానం వారే హెచ్చరించి ఉన్నారు. దానిని లౌకికమైన జాగ్రత్తగా మాత్రమే భావించరాదు. అవ్వ ఆ మాట ఎవరికి ఇచ్చింది? అప్పులవానికి కాదు. వృద్ధుని శ్రమ చూడలేక కొండను చీల్చి నీరు రప్పించినవానికి ఇచ్చింది. మాట ఇచ్చినప్పుడు ఆమె హృదయంలో ఉన్నది మెట్లు కావు, మనుమడు. ఆ హృదయాన్ని విన్నవాడు మెట్ల సంఖ్యను పట్టుకొని కూర్చుండునని అనుకొనటం స్వామిని చిన్నచేయటమే. ఆమె పాదాలమండపంలో పాదుకలు తలకెత్తుకొనవచ్చును. మొదటి మెట్టును చేతితో తాకి కన్నులకద్దుకొని, బస్సులో పైకి పోవచ్చును. కోడలు నడిచిరావాలనుకొంటే అది బదులు కాదు, ప్రేమ. దానిని ఎవరూ ఆపనక్కరలేదు. బదులు చెల్లదన్న పెద్దమనిషి తీర్పుకు శాస్త్రపు కాఠిన్యం ఉన్నదేమో గాని శాస్త్రపు హృదయం లేదు.

తాళ్ళపాక అన్నమాచార్యుల వారి బాల్యకథ కూడ ఈ సందర్భంలో స్మరింపదగినది. ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన చరిత్రలో అది ఉన్నది. బాలుడు చెప్పులతోనే కొండ ఎక్కినాడు. మోకాళ్ళమెట్టు దగ్గర ఆకలితో, అలసటతో, వెదురుపొద క్రింద బండమీద పడి నిద్రపోయినాడు. అలమేలుమంగమ్మ పెద్దముత్తైదువ వలె వచ్చి, ఈ కొండ సాలగ్రామమయం నాయనా, చెప్పులు విడువు అని చెప్పి, ప్రసాదం పెట్టింది. ఆ తల్లిమీదనే ఆయన నోట శతకం వెలువడింది. చూడండి, ఆయనకు కొండ స్వరూపం కనిపించినది గెలిచి ఎక్కినచోట కాదు, ఎక్కలేక పడిపోయినచోట. తప్పు చేసిన బిడ్డకు ఆ తల్లి తప్పుతోబాటు అన్నం కూడ చూపించింది.

చెప్పులు విడువు అన్న మాట వెనుక ఉన్న భావం చాల లోతైనది. ఈ గిరి ఆదిశేషుని శరీరమని సంప్రదాయం. శేషుడనగా స్వామికి పానుపు, గొడుగు, ఆసనం, సర్వవిధ కైంకర్యాలకూ ఆదర్శం. అట్టివాని మేనిమీద పాదం మోపటం ఎట్లా? రామానుజాచార్యుల వారు కొండ అడుగునకు వచ్చి ఈ కారణం చేతనే ఆగిపోయినారట. తాము ఎక్కకపోతే తక్కినవారెవరూ ఎక్కరనీ, స్వామి కైంకర్యమే ఆగిపోవుననీ అనంతాళ్వారు మున్నగువారు ప్రార్థించిన పిమ్మట, శేషునికి మ్రొక్కి ఎక్కినారు. మోకాళ్ళమీద ప్రాకి ఎక్కినందువలననే మోకాళ్ళమెట్టుకు ఆ పేరు వచ్చిందని యాత్రికులు చెప్పుకొంటారు. అప్పుడు ప్రసాదం తీసికొని ఎదురువచ్చినవారు వృద్ధులైన తిరుమల నంబి. ఎవరినైన చిన్నవారిని పంపకపోయారా, తామెందుకు శ్రమపడితిరి అని రామానుజులు నొచ్చుకొన్నారు. నాలుగు వీధులూ వెదికినా తనకంటె చిన్నవాడు కనబడలేదని నంబి బదులు చెప్పినారు. నడక మనిషిని ఏమి చేయాలో ఈ ఒక్క సమాధానం చెబుతున్నది. అంతదూరం ప్రతిదినం నీళ్ళు మోసినవాడు, ఆ మోత వలన తాను పెద్దవాడనైతినని కాదు, వీధిలో అందరికంటె చిన్నవాడినని తెలుసుకొన్నాడు.

కులశేఖరాళ్వారు వేంకటాద్రిమీద తాను ఏదిగా పుట్టినా చాలునని కోరుకొన్నారు. కోనేటి పక్షిగా, సెలయేటి చేపగా, చెట్టుగా, చివరికి సన్నిధి ఎదుటి గడపగా ఉండాలని ఆయన తపన. అందుచేతనే గర్భాలయపు గడపకు కులశేఖరపడి అన్న పేరు నిలిచింది. గడపను అందరూ ఎరుగుదురు. ఆయన మరొకటి కూడ కోరుకొన్నారు: ఆ కొండమీద భక్తులు నడిచే దారిగా పడి ఉండాలని. దారి ఎక్కదు, చేరదు, దర్శనం చేసుకోదు. తనపైనుండి పోయేవారిని పోనిస్తుంది. రాజ్యమేలిన మహారాజు కోరిన కోరిక ఇది. ఇది ఎరిగిన యాత్రికుడు మెట్టుమీద మెట్టు వేస్తున్నప్పుడు తాను దేనిని తొక్కుతున్నాడో ఆలోచింపక తప్పదు.

ఈ ఆలోచన కేవలం భావన కాదు, దానికి వెంటనే ఒక ఆచరణ ఉన్నది. దారికి ఇరుప్రక్కలా ఉన్న అడవి అలంకారం కాదు. అది కొందరి ఇల్లు. 1989లో ఇక్కడి 353 చదరపు కిలోమీటర్ల అరణ్యాన్ని శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతమైనది. లోకంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం ఈ తూర్పుకనుమల దక్షిణభాగంలోనే పెరుగుతుంది. రాళ్ళ సందులలో బంగారు బల్లి ఉన్నది, చెట్లలో దేవాంగపిల్లి ఉన్నది, జింకలున్నవి, చిరుతలున్నవి. 2021 నవంబరు వర్షాలకు శ్రీవారిమెట్టు దారి దెబ్బతిని మూతపడి, 2022 మే నెలలో గాని తిరిగి తెరవబడలేదు. కొండ తన వేగంతో తాను బ్రతుకుతున్నది.

2023 ఆగస్టులో అలిపిరి దారిలో, నరసింహస్వామి ఆలయ సమీపంలో, తల్లిదండ్రులతో దర్శనానికి నడిచిపోతున్న ఆరేండ్ల పాపను చిరుత ఎత్తుకుపోయి చంపింది. ఈ సంఘటనకు తత్త్వం చెప్పబోవటం క్రూరత్వం. ఆ తల్లి వినేటట్లు కర్మ అన్న మాట ఉచ్చరింపగలవాడు ఎన్ని గ్రంథాలు చదివినా దయ ఎరుగనివాడే. కాని ఆచరణను గురించి మాట్లాడవలసి ఉన్నది. ఆ పిమ్మట మధ్యాహ్నం దాటితే చిన్నపిల్లలతో ఈ దారిన పోరాదని కట్టడి చేశారు, నడిచేవారికి చేతికర్రలు ఇచ్చారు, గుంపులుగా పొమ్మన్నారు, బోనులు పెట్టి చిరుతలను పట్టారు, జింకలకు, కోతులకు తినుబండారాలు పెట్టరాదన్నారు. ఈ చివరిది చాలమందికి చిన్న విషయంగా తోచింది. కాని యాత్రికుడు విసిరిన అరటితొక్క, చిత్రాన్నపు పొట్లం, సగం తిన్న బిస్కట్లు దారి ప్రక్కకు కోతులను, జింకలను, పందులను, కుక్కలను రప్పిస్తాయి. వాటిని వెదకుకొంటూ చిరుత వస్తుంది. కోతికి పండు ఇచ్చినవాడు పుణ్యం చేశాననుకొంటాడు. ఆ పండు అడవి లోపలి ప్రాణిని దారిమీదికి పిలిచిందని ఆతనికి తెలియదు. తిరుమలలో 2022 జూన్ నుండి ప్లాస్టిక్కును నిషేధించినది కూడ ఇటువంటి ఎరుకతోనే. శేషుని మేను అని నమ్మి చెప్పులు విడిచినవాడు, అదే మేనిమీద ఖాళీ సంచి విసరగలిగితే, ఆ నమ్మకం పాదాల వరకే వచ్చింది, చేతులదాకా రాలేదు.

నియమం పాటించటంలో యాత్రికునికి కొంత చిరాకు కలుగుతుంది. ముహూర్తం చూసుకొని వచ్చినవానిని, వేళ మించింది, పిల్లలతో పోరాదు, బస్సెక్కు అంటే మనస్సు కష్టపడుతుంది. మొక్కు నడిచి తీర్చాలని వచ్చాము, స్వామియే కాపాడుతాడు అని వాదించేవారు కూడ ఉంటారు. కాపాడే స్వామిని పరీక్షకు నిలబెట్టటం శరణాగతి కాదు. బిడ్డను ఎత్తుకొని బస్సులో కూర్చుండటానికి కావలసిన వినయం, మెట్లన్నీ ఎక్కటానికి కావలసిన ఓర్పుకంటె తక్కువది కాదు.

అడవిలోని ప్రాణులతో ఎట్లు మెలగాలో చూపినవారు అనంతాళ్వారు. రామానుజుల వారి ఆజ్ఞతో కొండమీద పూలతోట వేసి, చెరువు త్రవ్వి, పుష్పకైంకర్యం చేసినవారు ఆయన. ఒకసారి తిరుమలనుండి ప్రయాణమై కొంతదూరం పోయిన తరువాత ఆకలివేసి, వెంట తెచ్చుకొన్న ప్రసాదపు మూట విప్పినారు. మూటనిండా చీమలు. తక్కినవారైతే దులిపివేసి తినేవారు. ఈ చీమలు తిరుమలకు చెందినవి, అక్కడ ఏదో ఒకటిగా పుట్టాలని ఆళ్వార్లే కోరుకొన్నారు, వీటిని అక్కడినుండి ఎడబాపటానికి నేనెవరిని అని అనంతాళ్వారు చింతపడినారు. ఆకలి సంగతి మరచి, మూట జాగ్రత్తగా మడిచి కట్టి, వచ్చిన దారినే వెనుకకు తిరిగి, మళ్ళీ కొండ ఎక్కి, చీమలను వాటి చోట విడిచి వచ్చినారు.